కురిడీలు గలగలమనే వరకూ

"మామ్మా, పెద్దయ్యేకొద్దీ ఏళ్ళు పరిగెడతాయంటావు కదా, ఎందుకలాగ?" అనడిగేవు కాబట్టి చెబుతున్నాను. ఆ సెల్లు పక్కన పెట్టి ఇలా కూర్చో.

నేను బడి మొహం చూసింది మూడో తరగతి వరకే. అయినా అక్షరం కనబడితే పకోడీల పొట్లం కాగితం కూడా వదలను. రాజోలు లైబ్రరీలో ఒక పుస్తకం చదివేనులే. అయిదేళ్ళ పిల్లకి ఏడాదంటే బతుకులో అయిదో వంతట, అరవయ్యేళ్ళదానికి అరవయ్యో వంతట. అందుకని ముసిలాళ్ళకి ఏడాది చిన్నదైపోతుందట. లెక్క బాగానే ఉంది. రాసినాయనకి తోటికోడలు లేదు, అంతే.

నాకుందిగా, మీ చిన్నమామ్మ సత్యవతి, మీ తాతగారి తమ్ముడి భార్య. రెండిళ్ళకీ గోడొక్కటే, పోట్లాట రోజూ. నా కోడి దాని పెరట్లో గుడ్డు పెట్టిందనీ, దాని కొబ్బరిమట్ట నా చీర మీద పడిందనీ. అలాంటిది తొంభైల్లో, నువ్వింకా పుట్టలేదు, కాదులే, పుట్టేవు, పాకుతున్నావు, ఇంటికి శ్లాబు వేయించుకోవాలని కువైట్ బయల్దేరింది, వంటపనికి. ఆ పూట మేం కురిడీలకి కాయలు ఎక్కిస్తున్నాం. ముదురుకాయ ఏడాదిపాటు అటక మీదుంటే నీళ్ళింకిపోయి, లోపలి కొబ్బరి ఊడి, ఊపితే గలగలమంటుంది చూడు, అదే కురిడీ. అప్పుడు కాయ రెండ్రూపాయలకి బేరమాడేవాడు దళారీ, ముదనష్టపోడు... ఆఁ, ఏం చెబుతున్నాను?

"ఇవి గలగలమనేసరికి వచ్చేస్తానక్కగారూ" అంది.

"నువ్వు రాకపోతే మరీ మంచిది, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది" అన్నాను.

ప్రశాంతం! మర్నాడు కోడి గోడ దాటింది. అరిచేవాళ్ళు లేరు. పొద్దు కదలదు. అటకెక్కి ఒక కాయ ఊపి చూసేను. నిన్న ఎక్కించిన కాయ! బుడబుడమని నీళ్ళు. మీ తాతగారు నిచ్చెన పట్టుకుని కింద ఒకటే నవ్వు.

"ఎందుకండీ ఆ ఇకిలింపు? ఎలకలున్నాయేమోనని చూస్తున్నాను."

"ఆయ్" అన్నారు. అన్నిటికీ ఆయ్యే. ఆ మనిషితో దెబ్బలాట ఎలా పెట్టుకుంటాం చెప్పు?

రోజూ ఎక్కేను. రోజూ ఊపేను. నేను పుట్టేక అంత పొడుగు ఏడాది చూడలేదు, చిన్నప్పుడు కూడా. మరి అరవయ్యో వంతు లెక్క ఏమైపోయినట్టు? చివరికి కాయలు గలగలమన్నాయి. సత్యవతి రాలేదు. కిళ్ళీకొట్టు ఫోనుకి మాటాడింది, పనిచేసే ఇంటివాళ్ళు ఇంకొన్నాళ్ళుండమంటున్నారని. "ఎవరితో దెబ్బలాడుతున్నారక్కగారూ?" అని అడిగింది. "నీకెందుకే?" అన్నాను గానీ, నిజం చెప్పొద్దూ, భయమేసింది. అక్కడే ఉండిపోతుందేమోనని. కురిడీలు ఒక్కటి దింపనివ్వలేదు నేను. పెళ్ళివారొచ్చి అడిగినా లేవన్నాను.

మళ్ళీ వానలు వెళ్ళేక వచ్చింది. బస్సు దిగి వాళ్ళింటికి పోకుండా తిన్నగా మా వాకిట్లోకొచ్చింది. నేను అటకెక్కి ఒక కురిడీ తెచ్చి కొట్టేను. ముక్క నోట్లో వేసుకుని మొహం అదోలా పెట్టింది.

"కనరు వాసనొచ్చేసిందండీ! ఇన్నాళ్ళు ఉంచేస్తారా ఎవరైనా? మీకు కురిడీ చెయ్యడం ఎప్పుడొచ్చింది కనక!"

"దిగీ దిగగానే వంకలా? నీకోసం ఉంచేను చూడు, నాది బుద్ధితక్కువ!"

భోజనాల వేళ దాకా అరుచుకున్నాం. ఇద్దరికీ కళ్ళమ్మట నీళ్ళు, నవ్వు. మీ తాతగారు అరుగు మీంచి "ఆయ్, ఇప్పుడిల్లు ఇల్లులా ఉంది" అన్నారు.

అది జరిగి పాతికేళ్ళు దాటిందంటే నమ్ముతావా? నాకు మొన్నలా ఉంది. ఇప్పుడు కాయలు ఎక్కించడమే గుర్తు, తిరిగి చూసేసరికి గలగలమంటున్నాయి. ఊపి చూసే తీరికేదీ? అందుకే ఏళ్ళు పరిగెడుతున్నాయని నేనేడవను. కదలని ఏడాది ఎలా ఉంటుందో చూసేసేను, చాలు.

నువ్వు నిండా నూరేళ్ళుండు తల్లీ. అందులో ఒక్కటి కూడా నీకు పొడుగవకూడదు.

అదిగో, గోడవతల కేకలు. నా కోడి వెళ్ళినట్టుంది. ఉండు, దాని సంగతేదో చూసొస్తాను... వస్తున్నానే, వస్తున్నాను...