విప్పిన కాడి

నిజాం పాలన పోయిన నెలకు, ఒక ఉదయం గోపమ్మ బూడిదతో బిందె తోముతోంది. తండ్రి సూర్యాపేట సంతకు బయలుదేరుతున్నాడు.

"పేటల అందరు విమోచనం అంటున్నరు. బడికి పోయినవు గద బిడ్డా, అంటే ఏంది?"

"కాడి విప్పి ఎడ్లను వదులుడు నాయినా. గా మాట ఆడికెళ్లే పుట్టిందని పంతులు చెప్పిండు."

"విప్పినంక ఎద్దు ఏం జేస్తది?"

"అలవాటైనదైతే మెడ వంచుకునే ఉంటది, నీ లెక్క."

"నేనేం జేసిన?"

"దొర గడి వాకిలి ముందల ఇయ్యాల గూడ చెప్పులు ఇడిసి చంకల పెట్టుకుంటవా?"

"మర్యాద బిడ్డా. మా తాత కాలంకెళ్లి ఉన్నదే."

"దొర పట్నం పారిపోయె. మర్యాద తాళంకప్పకా?"

తండ్రి నవ్వబోయి ఆగాడు. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. గోపమ్మ తోమడం ఆపి చెవి ఒగ్గింది. గడి దాటేదాకా కిర్రుచెప్పుల చప్పుడు ఆగలేదు.