తోట అడిగిన మిలిట్రీ

ధర్మపురి బస్టాండు దగ్గర, పాత్రల అంగడి మేడ మీద, మాజీ సైనికుల మరువాళ్వు సంఘం ఆఫీసు. బల్లకు ఒక పక్క సంఘం కార్యదర్శి నారాయణసామి, కింద అంగడి కూడా ఆయనదే. ఎదుట హవల్దారుగా రిటైరై ఏడు నెలలైన జయరామన్.

"…అది కాదన్నా, ఆ ఫ్లెక్సులో ఉండేది ఎవరు?"

"నువ్వే కదప్పా జయరామా. కింద పేరు వేసి ఉండాది, చూడు."

"పేరు నాదే. మొకమూ నాదే. మెడ కింద నించి ఎవరిది? ఆ ఒళ్ళు ఎవరిది, ఆ తుపాకి ఎవరిది? ట్రిగ్గరు మీద వేలు పెట్టుకొని నవ్వుతా ఉండాడు. మా యూనిట్లో ఎవడన్నా అట్లా నిల్చుంటే సుబేదారు చెవి పట్టుకొని గ్రౌండంతా తిప్పుతాడు."

"డిజైను చేసినోడు కంప్యూటర్లో యాడనో దొరికించుకొన్నాడు. ఆదివారం సన్మానం విళాకి పెద్దపెద్దోళ్ళు వస్తారు, నీకు పొన్నాడ శాలువ కప్పుతారు. తుపాకి లేకుండా మిలిట్రీ అంటే ఎవరు నమ్ముతారు?"

"పొన్నాడలు ఇంట్లో ఆరు ఉండాయి నారాయణసామన్నా. మీ సంఘం కప్పినవే నాలుగు. మా ఇంటామె ఉషా ఒకటి గ్రైండరు మీద కప్పింది, ఒకటి మిక్సీ మీద, ఒకటి టీవీ మీద. ఇంక ఇంట్లో కప్పేకి నేనొక్కన్నే మిగిలినాను."

"ఈ నోరు చూసే నీకు ఎవరూ పని ఇయ్యలేదు. నేను ఇప్పించినాను. నగల తాకట్టు కంపెనీలో గన్‌మ్యాను. యూనిఫారం వాళ్ళదే, వ్యాను వాళ్ళదే, ఏసీ రూము. ఏమి తక్కువ చెప్పు? ఈ పొద్దు పన్నెండు లోపల పోయి చేరు."

"నేను అడిగింది అది కాదు."

"మళ్ళీ మొదలు పెట్టినావా."

"నేను అడిగింది తోట పని. మారండహళ్ళి నర్సరీలో పనోళ్ళు కావాలని మీరే చెప్పినారు, ఇదే కుర్చీలో కూర్చొని నేను అడిగినాను."

"నువ్వు అడిగింది ఫారంలో ఉండాది. ఇదిగో. చదువు."

"చదువుతాను. అరవంలో టైపు కొట్టి ఉండాది. కోరే పని, తోట్టా పని."

"ఆ. తోట్టా."

"అరవంలో తోట్టా అంటే ఏమన్నా?"

"తూటా."

"తోటని ఏమంటారు?"

"తోట్టం."

"మరి నేను తోట అంటే మీరు తూటా అని ఎందుకు రాసినారు?"

"నేను యాడ రాసినాను? టైపు కొట్టే పిల్ల, అభినయ, ఆ పిల్ల రాసింది. మన పిల్లే, ఇంట్లో తెలుగే. నువ్వు తెలుగులో తోట అన్నావు. ఆ పిల్లకి తెలుగు రాసేకి రాదు. విన్నమాట విన్నట్ల అరవం అచ్చరాల్లో కొట్టింది, తోట్టా అని పడింది. నువ్వు అరవంలోనే చెప్పి ఉంటే ఈ గోల లేదు."

"ఓహో. తప్పు నాదా. ఇంటి మాట మాట్లాడినందుకు చేతికి తుపాకి."

"ఒక దీర్ఘం కదప్పా తేడా."

"అరవంలో దీర్ఘాన్ని కాలు అంటారు కదన్నా. ఆ కాలుతోనే నా బతుకుని తన్నినారు."

"అంత మాట వద్దు. ఈ సంఘం ఏడేండ్లలో నలభై ముగ్గురికి మరువాళ్వు ఇచ్చింది."

"మరువాళ్వు అంటే మరో బతుకు అని కదా అర్థం. నలభై ముగ్గురిలో ముప్పై తొమ్మిది మంది వాచ్‌మన్లు. బార్డరులో గేటు దగ్గర నిల్చొని వచ్చినోన్ని పట్టుకొని వచ్చి ఇంకొక గేటు దగ్గర నిల్చోబెడతారు. దానికి విళా. దానికి మూడు దినాల ట్రైనింగు. సెల్యూటు ఎట్లా కొట్టల్లో నేర్పించినారు, ఇరవై రెండేండ్లు కొట్టి వచ్చినోనికి. నేర్పించినాయన ఎడమ చేత్తో కొట్టినాడు."

"ఆయనకి ఎడమ చెయ్యే అలవాటు."

"అట్లయితే సరే."

"ఎగతాళి చాలించి పో. టైము పదిన్నర అయింది."

"ఎగతాళి కాదన్నా. నవ్వుతా చెప్తే మీకు నవ్వులాట అనిపిస్తా ఉండాది. నాకు తుపాకి వద్దు."

"ఎందుకు వద్దు? కాల్చేది లేదు, ఏమీ లేదు. ఊరికే పట్టుకొని నిల్చునేదే."

"ఊరికే పట్టుకొనేకి అది మీ అంగట్లో గరిటెనా? ఇరవై రెండేండ్లు పట్టుకొన్నాను. మా కీర్తిక పసిబిడ్డగా ఉన్నప్పుడు లీవులో వస్తిని. ఎత్తుకొంటే ఒక చెయ్యి దాని మెడ కింద, ఒక చెయ్యి నడుము కింద. తుపాకి పట్టుకొన్నట్లే పట్టుకొన్నానంట. ఉషా చూసి ఏడ్చింది. రిటైరైతే మళ్ళీ దాన్ని ముట్టను అని ఆ దినమే ఆమెకి మాటిచ్చినాను. ఆ ఒక్క మాట కోసరమే మిగతా ఏండ్లు ఓర్చుకొన్నాను."

"నాకు తెలీదప్పా ఇది."

"అడిగితే కదా తెలిసేది. మీ ఫారంలో బూటు సైజు అడుగుతారు, ఛాతీ కొలత అడుగుతారు. ఏమి చేసేకి ఆశ అని అడగరు. లేహ్ కొండల్లో పదకొండు వేల అడుగుల ఎత్తులో, ప్లాస్టిక్ షీటు కింద, టమోటా కాపించినాను. మా కర్నలు ఒక పండు తిని, ఎవరు పండించింది అని అడిగినాడు. నేను ముందుకు వచ్చి నిల్చున్నాను. ఆ దినం నిల్చున్నంత నిటారుగా ఇంకెప్పుడూ నిల్చోలేదు. నాకు ఆ పని కావాల."

"కావాలంటే? ఆ నర్సరీ పని అయిపోయింది."

"అయిపోయిందా? ఎవరికిచ్చినారు?"

"ఎవరికో ఒకరికి."

"ఎవరికో అంటే?"

"నీ మాదిరే ఒక మాజీ."

"ఆ మాజీకి పేరు లేదా?"

"టీ తెప్పించేదా? సొంటి వేసిన సుక్కు కాఫీ కూడా ఉండాది."

"వద్దు. పేరు చెప్పండి."

"అన్నామలై."

"కంబైనల్లూరు అన్నామలైయా? ట్రైనింగులో నా పక్కన కూర్చొని మూడు దినాలు ఒక్క మాట మాట్లాడనోడు?"

"ఆయనే."

"అన్నా, ఆయనకి మిరప నారుకీ వంగ నారుకీ తేడా తెలీదు. ఆ ఎదురుగా ఉండే చెట్టేమి అని అడిగితే చెట్టు అన్నాడు. పైగా ఆయన అడిగింది గన్‌మ్యాను పని. నేను నా చెవులతో విన్నాను, మూడుసార్లు అడిగినాడు. తుపాకి అడిగినోనికి తోట, తోట అడిగినోనికి తుపాకి. బాగుంది. దీనికి ఒక సంఘం, ఒక ప్రెసిడెంటు, ఒక ట్రెజరరు."

"అట్లా అమరిపోయిందప్పా."

"అమరేది ఏముండాది, మార్చేకి ఒక నిమిషం. ఆయనకీ సంతోషం, నాకూ సంతోషం. ఫ్లెక్సులో నా తల తీసి ఆయన తల అతికించండి. ఒళ్ళు ఎట్లాగూ మా ఇద్దరిదీ కాదు."

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"వద్దంటే వద్దు. నువ్వు పన్నెండుకి పోయి చేరు. నువ్వు పోకపోతే కంపెనీవాళ్ళు లిస్టులో తరువాత పేరుని పిలుస్తారు."

"పిలవనీండి. తరువాత పేరు ఎవరిది?"

"అదే… ఆయనదే."

"అన్నామలైదా? నర్సరీలో చేరినా లిస్టులో ఉండాడా?"

"నేరుగా పోయి వాళ్ళ దగ్గర పేరిచ్చి వచ్చినాడు. దినమూ ఫోను చేసి అడుగుతా ఉండాడంట."

"చూసినారా. ఆయనకీ మీరిచ్చింది ఇష్టం లేదు. ఇంక మీరు నడిమిట్లో ఎందుకు, నేనే మాట్లాడతాను. నంబరు ఉండాది నా దగ్గర."

"జయరామా, ఫోను కింద పెట్టు."

"రింగు పోతా ఉండాది. ఉండండి."

"పెట్టప్పా. నీ కాళ్ళకి మొక్కుతాను, కట్ చెయ్యి."

"కట్ చేసినాను, కూర్చోండి. వయసులో పెద్దోళ్ళు, నా కాళ్ళకి మొక్కేదేమన్నా? ఏమైంది?"

"ఆ తలుపు వెయ్యి."

"వేసినాను. చెప్పండి."

"అభినయ సరిగానే రాసింది. తోట్టం అనే రాసింది. చివరి అచ్చరం కొట్టేసి కాలు పెట్టింది నేను."

"మీరా? తెలిసే చేసినారా?"

"తెలిసే."

"అన్నా, నేను మీకేమి చేసినాను?"

"నువ్వేమీ చెయ్యలేదు. పోయిన నెల మాదమ్మాళ్ వచ్చింది, అన్నామలై పెండ్లాము. నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చొనింది. శెట్టియారే, ఇంట్లో కత్తిపీట దాచిపెట్టినాను అనింది. కూరగాయలు పక్కింటికి ఎత్తుకొని పోయి తరుక్కొని వస్తా ఉండాదంట. ఆయన తుపాకి పని అడుగుతా ఉండాడు, మీరు ఇప్పించొద్దు అనింది. నగలు కాపాడేకి కాదంట ఆయన అడిగేది, బతుకు మీద ఆశే లేదంట."

"…ఎప్పటి నించి?"

"ఇంటికి వచ్చినప్పటి నించి. మొన్న సేలం డాక్టరు దగ్గరికి కూడా పిలుచుకొని పోయినాను. మళ్ళీ పోవల్ల. ఎవరికీ చెప్పొద్దని ఆయమ్మ నా చేత ఒట్టు వేయించుకొనింది. ఇప్పుడు నీ వల్ల అది కూడా పోయింది."

"నాతో ముందే చెప్పి ఉంటే నేను…"

"నీతోనా? నీతో చెప్తే సాయంత్రానికి పెన్నాగరం బస్సు కండక్టరుకి తెలుస్తాది."

"అట్లనొద్దన్నా."

"సరే, అనను. నర్సరీవాళ్ళు ఫోను చేసినారు. ఆయన నీళ్ళు ఎక్కువ పోసి సగం నారు కుళ్ళిపోయిందంట. పోనీలే. నీడలో పని చేస్తా ఉండాడు, మధ్యాన్నం అన్నం తిని ఒక గంట నిద్ర పోతా ఉండాడంట. మాదమ్మాళ్ ఆ మాట చెప్పేకే బస్సెక్కి వచ్చింది."

"నారు పోతే పోతాది. ఆ నర్సరీ నాకొద్దు, ఆయనే ఉండనీండి. అయితే ఒకటి చెప్పండి. ఇంతమంది ఉండారు, తుపాకి తెచ్చి నా చేతికే ఎందుకు పెట్టినారు? నేను వద్దు వద్దంటా ఉన్నాను కదా."

"ఆ తుపాకి కావాలని పన్నెండు మంది అడిగినారప్పా. ఎవడు ఎందుకు అడుగుతా ఉండాడో కనుక్కునేకి నేనేమి డాక్టరునా, పాత్రలమ్మేవాన్ని. వద్దని చెప్పినోనివి నువ్వొక్కనివే."