పెట్టె అడుగునుంచి తీసిన బొమ్మలు

1991 ఆగస్టు 12, సోమవారం ఉదయం పదిన్నర గంటలకు శ్రీమతి మునిలక్ష్మమ్మ గారు మదనపల్లెలోని మన ఎగుమతి వస్తు భద్రతా పరీక్షా కేంద్రంలో ప్రయోగశాల సహాయకురాలిగా విధులలో చేరారు. ఆనాటి హాజరు పట్టీలో ఆమె పేరుకు ఎదురుగా ఎర్ర సిరాతో ‘అరగంట ఆలస్యం’ అని రాసి ఉంది. తంబళ్లపల్లె బస్సు దారిలో టైరు పేలి ఆగిపోతే చివరి రెండు మైళ్లు నడిచి వచ్చారట. ఆ తరువాతి ముప్పై నాలుగు సంవత్సరాలలో ఆ పేరు పక్కన ఎర్ర సిరా మళ్లీ కనబడలేదు. పట్టీలన్నీ తిరగేసి మరీ ఈ మాట రాస్తున్నాను.

ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న ఆ విదుషీమణిని గురించి మన కేంద్రపు పత్రిక ఈ సంచికకు అభినందన వ్యాసం రాసే భాగ్యం నాకు లభించింది. సంగతి తెలిసిన రోజునే ఆమె మదనపల్లె నుంచి పుంగనూరు వచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డారు. “మంచివే ఏరి పెట్టొద్దు నారాయణప్పా. పెట్టె అడుగునుంచి తియ్యి” అని చెప్పి వెళ్లిపోయారు. ఆ మాటలోని భావం మా ఇద్దరికి తప్ప ఈ కార్యాలయంలో ఎవరికీ తెలియదు. ఈ వ్యాసం పూర్తయ్యేసరికి అందరికీ తెలుస్తుంది.

మునిలక్ష్మమ్మ గారి తల్లిదండ్రులు తంబళ్లపల్లె పరిసరాలలో ఇతరుల చెనక్కాయ చేలల్లో కూలి పని చేసి బిడ్డను బి.ఎస్సీ. వరకు చదివించారు. ఆ వంశంలో నెల జీతం అందుకున్న మొదటి వ్యక్తి ఆమే. తొలి ఏడేళ్లు మదనపల్లె పట్టుచీరల మీద పని చేశారు. చెమటకు రంగు దిగుతుందా, ఆ రంగులో ఒంటికి చెరుపు చేసే పదార్థమేదైనా ఉందా అని గాజు గొట్టాల ముందు గంటల తరబడి నిలబడి చూసేవారు. నిలబడి చూడడమే ఆమె పద్ధతి. కుర్చీలో కూర్చుంటే కళ్లు కూడా కూర్చుంటాయని మమ్మల్ని ఇప్పటికీ కసురుతుంటారు.

1998లో కుప్పం శాఖకు బదిలీ అయ్యారు. అక్కడి నుంచి నునుపు పట్టిన రాతి పలకలు విదేశాలకు వెళుతుండేవి. వస్తువు తమ దేశపు భద్రతా నియమాలకు లోబడి ఉందని చెప్పే అనుగుణ్యతా గుర్తు లేనిదే కొన్ని దేశాలు సరుకును రేవు దాటనివ్వవు. ఆ గుర్తును వేసుకునేది తయారీదారే, దానికి బాధ్యుడూ తయారీదారే. ఆ బాధ్యత మోయడానికి తగిన పరీక్షా నివేదికను ఇచ్చేది మన కేంద్రం. రాతికి కూడా భద్రతా పరీక్షలేమిటని ఒక వ్యాపారి వేళాకోళమాడితే, మునిలక్ష్మమ్మ గారు ఆయన పలక మీదే చెంబెడు నీళ్లు పోసి, చెప్పులు విడిచి నడిచి చూపమన్నారు. మూడో అడుగులో ఆయన ఆమె చెయ్యి పట్టుకోవలసి వచ్చింది. ఆ తరువాత ఆయన ఆ మాట ఎత్తలేదు, పైగా తన తోటివారిని కూడా వెంటబెట్టుకుని వచ్చేవారు.

2009లో పుంగనూరు విస్తరణ కేంద్రానికి అధికారిణిగా వచ్చారు. ఇక్కడే పిల్లల ఆటవస్తువుల పరీక్షలు ఆమె చేతిలో పడ్డాయి, ఆ చేతికి ఒక దురలవాటూ పడింది. కనబడిన బొమ్మ కన్నునల్లా, గుండీనల్లా పట్టి లాగి చూస్తారు. తిరునాళ్లలో అంగడివాళ్లు ఆమెను చూస్తే బొమ్మలు వెనక్కి సర్దుకుంటారని భర్త మునిస్వామి గారు ఆట పట్టిస్తుంటారు. నా చొక్కా గుండీలు రెండు ఆమె ధర్మాన ఊడినవే.

ఇక పెట్టె అడుగు సంగతి. 2016లో నేను పుంగనూరులో నమూనాల సేకరణ సహాయకుడిగా చేరి ఏడాది కూడా నిండలేదు. అప్పుడే అక్కడి మహిళా కుట్టుపని సంఘానికి ఒక విదేశీ దుకాణం నుంచి పద్దెనిమిది వందల గుడ్డబొమ్మలకు తొలి ఆర్డరు వచ్చింది. షెడ్డులో పద్దెనిమిది మంది కుట్టేవారు, వారికి పెద్దదిక్కు రంగనాయకమ్మ. మూసిన పెట్టెలలో నుంచి పన్నెండు బొమ్మలను నా చేత్తో నేనే తీసుకుని, అలా తీశానని ధ్రువీకరిస్తూ చీటీ మీద సంతకం చేసి తేవడం నా పని.

నేను వెళ్లేసరికి పెద్ద ఇత్తడి పళ్లెంలో కొత్త గుడ్డ పరిచి, దాని మీద పన్నెండు బొమ్మలను వరసగా కూర్చోబెట్టి ఉంచారు. పక్కనే వేడి వేడి ఒబ్బట్లు, నెయ్యి. ఇంటికి వచ్చిన మనిషిని మూసిన పెట్టెలు వెతుక్కోమనడం ఆ తల్లులకు మర్యాదగా తోచలేదు. వారి మర్యాదను కాదనడం నాకు మర్యాదగా తోచలేదు. ఒబ్బట్లు తిన్నాను, పళ్లెంలోని బొమ్మలను సంచిలో వేసుకున్నాను, పెట్టెల నుంచి తీశానని సంతకం చేశాను.

పరీక్షలో ఆ బొమ్మలు గట్టిగా నిలబడ్డాయి. ఒక్కొక్క కంటిని దాదాపు తొమ్మిది కిలోల బరువు వేలాడదీసినంత బలంతో పది సెకన్లు లాగినా దారం కదలలేదు. మునిలక్ష్మమ్మ గారు నివేదిక మీద సంతకం చేశారు. సంఘం వారు గుర్తు ముద్రించిన పట్టీలను బొమ్మలకు కుట్టేశారు. చెన్నై రేవుకు లారీ బయలుదేరడానికి ఇంకా ఐదు రోజులున్నాయి.

ఆ మధ్యాహ్నం పరీక్షించిన బొమ్మలను బీరువాలో భద్రపరుస్తూ ఆమె ఆగిపోయారు. కంటి మొదట్లో దారం చుట్టిన తీరు పన్నెండింటికీ ఒకటే, అది మామూలుగా అందరూ చుట్టే దిక్కుకు ఎదురు దిక్కు. నన్ను పిలిచి షెడ్డులో ఎంతమంది కుడతారని అడిగారు. పద్దెనిమిది మంది అన్నాను.

“పద్దెనిమిది మందిదీ ఎడమచెయ్యి వాటమేనా నారాయణప్పా?”

పళ్లెం సంగతి, ఒబ్బట్ల సంగతి అంతా చెప్పేశాను. ఆమె ఒక్క మాటైనా తిట్టలేదు. తిట్టి ఉంటే ఆ రాత్రి కాస్త నిద్ర పట్టేది.

మరునాడు ఉదయమే ఇద్దరం షెడ్డుకు వెళ్లాం. పెట్టెలు విప్పించి, ప్రతి పెట్టె అడుగునుంచి ఒక్కొక్క బొమ్మ చొప్పున పన్నెండు తీసి, వెంట తెచ్చిన స్ప్రింగు త్రాసుతో అందరి ఎదుటా కళ్లు లాగారు. నాలుగు బొమ్మల కళ్లు ఊడి ఆమె అరచేతిలో పడ్డాయి. నోట్లో పెట్టుకుంటే పసిబిడ్డ గొంతుకు సరిగ్గా అడ్డుపడే పరిమాణం. తాను తప్ప తక్కినవాళ్లకు అంత గట్టిగా కుట్టడం రాదని, అందుకే నమూనాలన్నీ తానే కుట్టానని ఎడమచేతి వాటం రంగనాయకమ్మ నెమ్మదిగా ఒప్పుకుంది. ఊడిన కళ్లలో రెండు ఆమె చిన్నకోడలు యమున కుట్టినవి. యమున ఏడుపు ఆపుకుంటూ ముందుకు వచ్చింది.

“మేం మోసం జేసినామా అమ్మా? ఇంటికొచ్చినోళ్లకి మంచిదే కదా పెడతాం.”

మునిలక్ష్మమ్మ గారు ఆమె పక్కనే చాప మీద కూర్చున్నారు. నేను ఎరిగినంతలో ఆమె పని వేళలో కూర్చోవడం అదొక్కసారే.

“పెట్టాల తల్లీ, దాంట్లో తప్పు లేదు. అయితే ఆ దేశంలో ఏ బిడ్డ చేతికి ఎవురు కుట్టింది పోతాదో నీకూ తెల్దు, నాకూ తెల్దు. ఆ గుర్తు రంగనాయకమ్మ ఒక్కదాని చేతికి కాదు, మీ పద్దెనిమిది మంది చేతికీ ఏస్తా ఉండేది.”

తరువాతి నాలుగు రోజులు ఆ షెడ్డులో జరిగింది నేను జన్మలో మరువను. రంగనాయకమ్మ దారాన్ని లోపలి గుడ్డబిళ్ల గుండా ఎలా తిప్పి బిగించాలో నేర్పింది. తలకు వంద బొమ్మల చొప్పున అందరూ కళ్లు విప్పి మళ్లీ కుట్టారు. నన్ను ఒక మూల కూర్చోబెట్టి పూర్తయినవాటిని పట్టి లాగే పని అప్పగించారు. చేతివేళ్లు బొబ్బలెక్కాయి, ఒబ్బట్లు మాత్రం మళ్లీ ఎవరూ పెట్టలేదు. ఐదో రోజు మునిలక్ష్మమ్మ గారు అడుగునుంచి పన్నెండు తీసి పరీక్షిస్తే ఒక్క కన్నూ కదలలేదు. లారీ అనుకున్న రోజునే కదిలింది. ఆ సంఘం నేటికీ ఎగుమతి చేస్తోంది, షెడ్డులో ఇప్పుడు నలభై మంది ఉన్నారు.

కానీ ఇచ్చిన నివేదికను రద్దు చేసి కొత్తది ఇవ్వాలంటే పైకార్యాలయానికి కారణం రాయాలి. ఆ నెలలోనే ఆమె పదోన్నతి దస్త్రం కదులుతోంది. “నమూనాల సేకరణను సరిచూడకుండా సంతకం చేసిన తప్పు నాది” అని మాత్రమే రాశారు. నా పేరు లేదు. మెమో ఆమెకు వచ్చింది, పదోన్నతి రెండేళ్లు వెనక్కి పోయింది, నేను నోరు మెదపలేదు. 2018లో ఎట్టకేలకు సీనియర్ అధికారిణిగా మదనపల్లెకు వెళ్లే రోజున ధైర్యం చేసి నా పేరెందుకు రాయలేదని అడిగాను.

“అప్పటికి నీ ఉద్యోగం పర్మనెంటు కాలేదు గదప్పా” అన్నారు, టిఫిన్ క్యారియర్ మూత బిగిస్తూ.

మదనపల్లెలో గత ఏడేళ్లుగా ఆమె వద్ద శిక్షణ పొందిన యువ సహాయకులు ఎందరో నేడు మూడు ఊళ్లలోనూ పని చేస్తున్నారు. నమూనాకు వెళ్లినప్పుడు మంచినీళ్లు తప్ప మరేమీ ముట్టకూడదన్న నియమం ఎందుకు వచ్చిందో తెలియక వారు విసుక్కుంటుంటారు. నాయనలారా, కారణం నేను.

మునిలక్ష్మమ్మ గారూ, మీ కర్తవ్యదీక్షను, నిరాడంబరతను, సమయపాలనను కొనియాడుతూ ఇత్తడి పళ్లెంలో పెట్టదగిన వాక్యాలు నా దగ్గర చాలా ఉన్నాయి. మీరు వద్దన్నారు కనుక పక్కన పెట్టాను. తొమ్మిదేళ్లుగా మీరు నా బదులు మోసిన తప్పును మీ కుటుంబ సభ్యుల సమక్షంలో, మన సహోద్యోగులందరి సమక్షంలో ఈనాడు నా పేరున రాసుకుంటున్నాను. మునిస్వామి గారితో, కుమార్తె ప్రీతితో, మనుమరాలితో మీరు నిండు నూరేళ్లు ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని, ఇకనైనా పగటిపూట కాసేపు కుర్చీలో కూర్చోవాలని, ఆ పసిదాని బొమ్మల కళ్లు లాగే ఓపిక మీ వేళ్లకు కలకాలం ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.

ఈ నమూనాను పెట్టె అడుగునుంచి నా చేత్తో నేనే తీశానని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.

నారాయణప్ప,
నమూనాల సేకరణ విభాగం, పుంగనూరు