శుక్రవారం ఆగే మిషన్లు

ఏమప్పా హర్షవర్ధనూ, కరెంటు పోయిందనుకుంటివా? యాడికీ పోలేదు. శుక్రవారం మధ్యాన్నం నమాజు పొద్దుకు ఈ బండల ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్లన్నీ ఆపుతారు. కొత్తగా చేరినావు, నీకెట్ల తెలుస్తాది. ఆ బండమీద దుమ్ము తుడుచుకోని కూచో. ఇదంతా ఈడ కూలి చేసిన ఉసేనమ్మ పుణ్యం. సాయిబులామె కాదబ్బా! మొగాన రూపాయంత బొట్టు. వాళ్లమ్మకు బిడ్డలు నిలవకుంటే పీర్ల చావిడి కాడ మొక్కుకోని ఆ పేరు పెట్టిండ్రి. మన దిక్కు ఉసేనప్పలు, మస్తానమ్మలు, దస్తగిరి రెడ్లు ఎంతమంది లేరు? మా మేనమామ పేరు ఫకీరప్ప, శనివారమైతే ఆయప్ప నీసు ముట్టడు. సరే, యాడికో పోతాండా.

బండలు కోసే వలి సాహెబు ప్రతి శుక్రవారం మసీదుకు పోయొచ్చి, పోయిన పొద్దుకు బదులు సాయంత్రం నిలబడి పని చేస్తాండె. కోస్తా నుంచి ఒగ మేనేజరు వచ్చినాక కుదరదనె. పనో నమాజో తేల్చుకోమనె. వలి సాహెబు మెత్తనోడు. ఆ మేనేజరు అంతటితో ఊరుకోక, కోత షెడ్డులో పేరును బట్టి సాయిబులనుకున్నోళ్లందరినీ పిలిపించి, శుక్రవారం పోతే మళ్లా రావద్దనె. ఉసేనమ్మకూ అదే మాట, తల ఎత్తకుండానే! మేస్త్రీ మారెన్న నవ్వుతా, ఆమె సాయిబులామె కాదు సార్, బొట్టు చూడండనె. అట్లయితే పోయి పని చూసుకోమ్మా అనె మేనేజరు.

పోయింటే సరిపోతాండె. మొగుడు మంచాన ఉండె, ఆమె కూలితోనే ఇల్లు గడవాల. కదల్లా. "పీరు సామి పేరు పెట్టుకోని బతికినా సార్. ఆయప్ప మనుషులను మీరు పొమ్మంటే, నేను లోపల ఎట్ల పని చేసేది?" అనె. గట్టిగా గూడా అన్లేదు. పోయి గేటు కాడ కూచునె. ఆమె ఎనకాల మస్తానమ్మ పాయ, దస్తగిరి రెడ్డి పాయ, లోడెత్తే ఉసేనప్ప పాయ. ఫ్యాక్టరీ సగం ఖాళీ! "ఇంతమంది ముస్లిములా?" అని మేనేజరు బిత్తరపాయ. మారెన్న నెత్తి గోక్కుంటా, వీళ్లెవురూ కాదు సార్ అనె. సాయంత్రం ఓనరొచ్చి, శుక్రవారం నమాజు పొద్దుకు మిషన్లే ఆపేయండి, ఆగిన పని ఎనక అందరూ కలిసి చేసిపోండి అని తీర్పు చెప్పె.

ఉసేనమ్మ కన్నుమూసింది మాత్రం ఒగ మంగళవారం. ఈ రోడ్డు మీదనే పాడె తీసుకపోతాండ్రి. వలి సాహెబు ఎవురినీ అడగలా, లేసి తన మిషను ఆపె. ఒగదాని ఎనక ఒగటి అన్నీ ఆగిపాయ. ఆ మేనేజరే బయటికొచ్చి చెప్పులిడిచి నిలబడె. ఏం మనిషప్పా ఆమె... అదో, మిషన్లు మొదలుపెట్టినారు. లెయ్, ఇంక నా మాట నీకు ఇనపడదు.