కాలవగట్టు మీద తెల్లలైటు

డేవిడ్‌రాజు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. డిసెంబరులో ఒక శుక్రవారం సాయంత్రం పెరట్లో కూర్చుని తీగ చుడుతున్నాడు. భార్య అన్నమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది.

"పులుసు గిన్నె మూత ఏదని అడిగితే ఉలకవు, పలకవు. ఎన్నిసార్లు అడగాల?"

"ఏ మూత?"

"మనింట్లో పది పులుసు గిన్నెలున్నాయేటి, ఏ మూతనడగడానికి? గుండ్రంగా, నడాన లోతుగా ఉంటాది. అద్దంలా తోముకుంటాను నాను దాన్ని."

"అక్కడే ఎక్కడో ఉంటాది, సూడు."

"ఎక్కడో ఉంటే నీ దగ్గరికెందుకొస్తాను. పది రోజుల కింద నువ్వే పట్టుకెల్నావు. నడాన కన్నమెట్టి, పిల్ల సైకిలు లైటు ఎనకాల బిగించినావు. ఎలుగు బాగా ముందుకి పడతాదన్నావు. సీకట్లో ఎల్లీ పిల్ల కదా, పోనీలే అని నాను ఊరుకున్నాను."

"అప్పుడు ఊరుకున్నదానివి ఇప్పుడూ ఊరుకో."

"ఊరుకుందును. సైకిలు మీద మూతా లేదు, లైటూ లేదు. నాలుగు రోజులై పులుసు మీద పళ్ళెం బోర్లిస్తన్నాను. పొంగి పొయ్యిలో పడతన్నాది."

"సిన్న మంట మీద ఎట్టు."

"నాకు పులుసు కాయడం నేర్పకు. లైటెందుకిప్పీసినావో అది సెప్పు."

"బేటరీ దిగిపోనాది."

"బేటరీ ఆ మూల గోనె కింద ఉన్నాది. పొలానికి మందు కొట్టీ స్ప్రేయరు బేటరీ అది. రోజంతా కొట్టినా దిగదని నువ్వే అన్నావు."

"పాతది కదా."

"పాతది. సరే. మరి లైటో?"

"అదీ అంతే."

"మోటారు సైకిలు లైటు, కొత్తది, విజయనగరం ఎల్లి తెచ్చినావు. దాని అట్టపెట్టె ఇంకా నా అలమర్లో ఉన్నాది."

"అన్నమ్మా, ఈ మోటారు రేపటికి ఇచ్చీయాల. నన్ను సుట్టుకోనీ."

"సుట్టుకో. పిల్ల రేపు అయిదుంపావుకి బయల్దేరాల. హైవే దాకా నాలుగు కిలోమీటర్లు, ఆ కాలవగట్టు మీద, ఈ మంచులో. పాత టార్చిలైటు రబ్బరుతో కట్టుకొని ఎల్తన్నాది. ఆ ఎలుగుకి దాని ముందు సక్రం దానికే కనపడదు."

"మెల్లగా ఎల్తాదిలే."

"మెల్లగా ఎల్తే కంపెనీ బస్సు ఆగదు. మందుల కంపెనీ అది, మీ మావ ఎడ్లబండి కాదు. ఫిబ్రవరిలో పర్మినెంటు సేస్తామన్నారు. ఒక్క రోజు లేటైనా రాసుకుంటారట."

"తెల్సు నాకు."

"తెలిస్తే లైటు తిరిగి బిగించు."

"బిగించను."

"ఎందుకూ?"

"బిగించనన్నానా. ఇంక ఒగ్గీ."

"ఒగ్గీను. నిన్న ప్రార్థన కూటంలో కూడా నిన్ను కనిపెట్టినాను."

"ఏటి కనిపెట్టినావు?"

"అయ్యగారు పాలెర్రన్న కోసం ప్రార్థన సేసినారు."

"సేసినారు. మన సంఘమోడు కాకపోతేనేటి, ఇంటింటికీ పాలు పోసీ మనిషి. సెయ్యాల."

"ఆయన తుంటెముక అతకాల అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు, నువ్వూ అన్నావు. ఆయన్ని అలా పడీసి ఎలిపోయిన లారీవోడి మనసు మార్చు ప్రభువా అన్నారు. అందరూ అన్నారు. నువ్వు అన్లేదు."

"అన్నాను."

"అన్లేదు. ముప్పైమందిలో నీ గొంతు నాకు తెల్దా."

"ప్రార్థనలో కళ్ళు మూసుకోవాల. మొగుడి నోరు సూడ్డం కాదు."

"కళ్ళు మూసుకొనే ఇన్నాను."

"నీతో ఏగలేను."

"పొద్దున్న కుళాయి కాడికి సిన్నతల్లి వచ్చింది."

"ఊఁ."

"లారీ త్రినాథ్ పెళ్ళాం. బిందె కుళాయి కింద ఎట్టి అక్కడే కూలబడిపోనాది. సోమారం నుంచీ ఆడిని రోజూ స్టేషన్‌కి రమ్మని, పొద్దు గూకిందాకా బెంచీ మీద కూకోబెడతన్నారట. సాలూరు ఓనరు వచ్చి లారీ తాళం లాక్కున్నాడట. రేపు కేసు కట్టీస్తామన్నారట. లైసెన్సు పోతే ఆడికింకేటి వస్తాది సెప్పు. క్లీనరుగా ఎక్కిన కాడ్నించి లారీయే ఆడికి ఇల్లు."

"ఆడేటంటన్నాడు?"

"సోమారం తెల్లారగట్ల గట్టు మీదికి రానేలేదు, ఇంట్లో తొంగున్నానంటన్నాడు. ఎవలు నమ్ముతారు. ఒకటే లైటు మీదికొచ్చింది, కళ్ళు కనపడక సైకిలు, పాలకేన్లతో సహా గట్టు దిగిపోనానన్నాడు ఎర్రన్న. ఒకటే లైటెలిగీ లారీ ఈ పక్కల ఎవలికుంది? రెండు నెలలై ఎడంపక్క లైటు ఏయించుకోలేదు త్రినాథ్. ఒంటికన్ను లారీ అని బడి పిల్లలు కూడా ఎక్కిరిస్తారు."

"త్రినాథ్ పేరు ఎర్రన్న సెప్పినాడేటి?"

"సెప్పలేదు. పేరు ఊరు ఎట్టింది."

"ఊరికేటి, ఎడతాది."

"తీగ ఒగ్గీసినావేటి సేతిలోంచి?"

"కూకో అన్నమ్మా."

"పులుసు పొయ్యి మీద ఉన్నాది."

"దించీసి రా. వచ్చి కూకో."

"దించినాను. సెప్పు."

"త్రినాథ్ లారీ లైటు ఏ రంగుంటాది?"

"లైటుకి రంగేటి."

"పసుపు. పాత బల్బు, మంచులో కోడిగుడ్డు సొనలా ఉంటాది. సోమారం పొద్దున్న ఎర్రన్నని పొలంలోంచి లేపినోళ్ళలో నానున్నాను. నొప్పికి మూలుగుతా ముందు ఏటన్నాడో తెల్సా? తెల్లలైటు అన్నాడు. ఎల్డింగు సేసినట్టు తెల్లగా కళ్ళల్లో పొడిసీసిందన్నాడు. అప్పుడు ఎవలో, లారీయా మావా అనడిగినారు. ఊఁ అన్నాడు. అక్కడ్నించి లారీ అయిపోనాది."

"తెల్లలైటు."

"మోటారు సైకిలు లైటు, ఎనకాల అద్దంలాటి స్టీలు మూత. మంచులో అది ఎలా కొడతాదో బిగించిన రోజు నాను సూసినాను. పది నిమిషాలు కళ్ళ ముందు ఎర్రగా సుక్కలు తిరిగినాయి."

"ఎన్ని గంటలకి పడ్డాడు ఎర్రన్న?"

"అయిదున్నర లోపల. పాలకేంద్రం నుంచి ఇటొస్తన్నాడు. పిల్ల అటెల్తన్నాది."

"ప్రభువా."

"గట్టిగా అనకు."

"దానికి తెల్సా?"

"తెల్దు. ఆ సాయంత్రం వచ్చినాక అడిగినాను. గట్టు మీద ఎవరైనా ఎదురైనారా అమ్మా అని. లేదు నాన్నా అంది. ఎర్రన్న అటు దిగిపోనాడు, ఇది ఇటు ఎలిపోనాది. మంచులో ఎనక్కి సూస్తే మాత్రం ఏటి కనపడతాది."

"లైటెందుకు తీసీసినావని కూడా అడగలేదేటది?"

"అడగలేదు. బేటరీ దిగిందని నానే సెప్పినాను."

"లైటేటి సేసినావు?"

"మూతా లైటూ మూట కట్టి కాలవలో ఒగ్గీసినాను."

"కాలవలో."

"మరేటి సెయ్యమంటావు? రోజూ సూస్తా ఉండమంటావా?"

"నువ్వు కిందికే బిగించినావు. ముందు."

"అది ఇప్పుడెందుకు."

"కిందికి, సక్రం ముందు ఎలుగు పడీలా బిగించినావు. నానే పైకి తిప్పమన్నాను. కుక్కలుంటాయి, తాగుబోతులుంటారు, దూరం నుంచే కనపడాల అన్నాను. ఎదరోళ్ళ కళ్ళల్లో పడతాదని నువ్వన్నావు."

"అన్నమ్మా."

"ఎదరోళ్ళు కళ్ళు మూసుకుంటారులే అన్నాను నాను."

"నువ్వన్నావని నానెందుకు తిప్పాల. ఇరవయ్యేళ్ళై కరెంటు పని సేస్తన్నాను. నాకు తెల్సు. తెలిసే తిప్పినాను. నా పిల్లకి మంచిగా కనపడాలని తిప్పినాను."

"ఇప్పుడేటి సేద్దాం?"

"ఎర్రన్నకి తుంటి ఇరిగింది. ఇంక సైకిలెక్కుతాడో లేదో. త్రినాథ్‌కి లైసెన్సు పోతాది."

"అది నాకు తెల్సు. ఏటి సేద్దామని అడుగుతన్నాను."

"నువ్వే కదా ఇందాకట్నుంచీ తవ్వినావు."

"తవ్వితే నా పిల్లే బయటపడతాదనుకున్నానేటి? త్రినాథ్ బయట బతికినోడు. నాలుగు స్టేషన్లు సూసినోడు. ఎలాగో బయటపడతాడు."

"ఎలా పడతాడు?"

"ఎలాగో. మన పిల్ల అలాక్కాదు. కంపెనీలో తెలిస్తే పర్మినెంటు సెయ్యరు. ఆడపిల్లని స్టేషన్లో కూకోబెడతారు. ఈ ఆదివారం దాటితే క్రిస్మస్ కేరల్స్‌కి ఇంటింటికీ ఎల్లాల. ఎవలింటి ముందు పాడతాది అది?"

"సిన్నతల్లి మొకం ఎలా సూస్తావు?"

"రేపట్నుంచి కుళాయికి నువ్వెల్లు."

"అలాగే ఎల్తాను. ఎన్ని రోజులు?"

"నన్నడక్కు."

"నానొకటి అనుకున్నాను."

"ఏటి?"

"సైకిలు మీద నానున్నానని సెప్తాను. మోటారు పనికి పొద్దున్నే బయల్దేరినాను, పిల్ల సైకిలు పట్టుకెల్నాను అని. లైటు సేసినోడ్ని నానే, అందులో అబద్ధం లేదు."

"ఆ రోజు పిల్ల ఎలా ఎల్లిందంటే?"

"నడిసి ఎల్లిందంటాను."

"నాలుగు కిలోమీటర్లా?"

"పొద్దున్నే లెగిసి ఎల్లిందంటాను. స్టేషనోళ్ళు నడిసి సూస్తారేటి."

"ఎర్రన్న సెప్తే?"

"ఎర్రన్నకి కళ్ళు కనపడ్లేదు. ఆయనేటి సూస్తాడు."

"దానికేటి సెప్దాం?"

"ఏటీ సెప్పొద్దు. పడిపోనాడని తెలిస్తే ఆ గుంట సైకిలెక్కుతాదేటి ఇంక. నాతోనే పోనీ."

"గేటు సప్పుడైంది. వచ్చింది. మొకం తుడుసుకో."

"నువ్వు తుడుసుకో."

రాత్రి ఎనిమిది. ముగ్గురూ అన్నాల దగ్గర కూర్చున్నారు. కూతురు ప్రిస్కిల్లాకు ఇరవయ్యేళ్ళు.

"ప్రార్థన సెయ్యి నాన్నా. సల్లారిపోతాది."

"ఈ పూట మీ అమ్మ సేస్తాది."

"నాకు గొంతు బాగోలేదు. నువ్వు సెయ్యి ప్రిస్కిల్లా."

"నేను సెయ్యను."

"అదేటి?"

"ఏం లేదు. మనసులో సేసుకుందాం. ఎవరిది వాళ్ళు."

"సరే. అయింది. తిను. పులుసేసుకో."

"వద్దు."

"నాలుగు రోజులై పిట్టలా తింటన్నావు. కంపెనీలో ఏటైనా అన్నారేటి?"

"ఎవరూ ఏం అన్లేదమ్మా. సిన్నతల్లత్త కనిపించింది ఇప్పుడు, బస్సు దిగినాక. జంక్షన్లో కూకున్నాది. స్టేషన్ నుంచి త్రినాథ్ మావ వస్తాడేమోనని సూస్తన్నాది."

"నువ్వు తిను ముందు."

"సైకిలు మీద ఎక్కించుకొస్తానన్నాను. రాలేదు."

"ప్రిస్కిల్లా, ఇటు సూడు. నానొక మాట సెప్పాల. రేపు నాను స్టేషన్‌కి ఎల్తాను."

"ఎందుకు నాన్నా?"

"అన్నం ముందర ఇదెందుకిప్పుడు. తినీసినాక సెప్పు."

"సెప్పనీ అన్నమ్మా, రేపు దీన్నీ అడుగుతారు కదా. సోమారం పొద్దున్న నీ సైకిలు నాను పట్టుకెల్నాను. నువ్వు నడిసి ఎల్లినావు. అలా గుర్తెట్టుకో. ఎవలడిగినా అలాగే సెప్పు. ఆ లైటు ఎర్రన్న కళ్ళల్లో పడి ఆయన కింద పడ్డాడు. నాకు తెలీక ఎలిపోనాను. త్రినాథ్‌కి దీంతో సంబంధం లేదని రేపు పొద్దున్నే ఎల్లి సెప్పీసి వస్తాను. అంతే. నువ్వు డ్యూటీకి ఎల్లిపో."

"నువ్వు సెప్తే సరిపోదు నాన్నా."

"ఎందుకు సరిపోదు? ఎర్రన్న ఏటీ సూడలేదు."

"సూసినాడు."

"ఏటి?"

"సైకిలు మీద ఎవరున్నారో ఆయనకి తెల్సు."

"ప్రిస్కిల్లా, ఏటంటన్నావు? గట్టు మీద ఎవరూ ఎదురవ్వలేదని నువ్వే కదా సెప్పినావు."

"అబద్ధం సెప్పినాను. కేన్లు దొర్లిన సప్పుడు ఇన్నాను. సైకిలు దిగి, లైటు అటు తిప్పి సూసినాను. మావ పొలంలో కూకున్నాడు, పాలన్నీ ఒంటి మీద. లైటు పక్కకి తిప్పమ్మా అన్నాడు. తిప్పినాక నా మొకం సూసినాడు. ప్రిస్కిల్లావా అన్నాడు."

"దిగినావా? నువ్వు దిగినావా?"

"దిగినానమ్మా. సెయ్యి పట్టుకుంటే ఆయన లెగలేదు. కాలు తిమ్మిరెక్కింది, కాసేపుండి నేనే లెగుస్తాను, నువ్వెల్లు, బస్సెలిపోతాది అన్నాడు. రెండుసార్లన్నాడు."

"అందుకేనా ఆయన లారీ అంటే ఊఁ అన్నాడు."

"త్రినాథ్ మావ మీదికి వస్తాదని అనుకొని ఉండడు. ఊరికే నా పేరు రాకుండా అని ఉంటాడు."

"ఇనుకో ప్రిస్కిల్లా. ఇది మన ముగ్గురికీ, ఎర్రన్నకీ తప్ప ఎవలికీ తెల్దు. నాను సెప్పినట్టు సెప్దాం. ఆస్పత్రికెల్లి ఎర్రన్న కాళ్ళు పట్టుకుంటాను, ఆయనా కాదనడు."

"కాదనడు. అందుకే నువ్వు ఆయన్ని అడగొద్దు. రేపు డ్యూటీకి రానని సూపర్‌వైజర్‌కి ఫోన్ సేసి సెప్పీసినాను. ముందు ఆస్పత్రికి, తర్వాత స్టేషన్‌కి ఎల్తాను. నువ్వు తోడు రా నాన్నా, మాట్లాడకు."

"ఆయనే ఎల్లమన్నాడని సెప్పు మరి. నువ్వు ఆగినావు, దిగినావు, ఆయనే పొమ్మన్నాడు. అది నిజమే కదా. అదైనా సెప్పు."

"సెప్పనమ్మా. ఆయన లెగలేడని నాకు తెల్సు. తెలిసే, బస్సు కోసం ఎలిపోనాను."