పిల్లి తూకం

ముసలి పిల్లిని బరువు చూసే మిషను మీద కూర్చోబెట్టి, అంకె చూసిన కోడలు మొహం ముడుచుకుంది.

“డాక్టరిచ్చిన తిండి ముట్టట్లేదు. మరి ఒళ్లెలా చేసింది, అత్తయ్యా?”

“గాలి మార్పేమో.”

“గాలి తిని ఎవరూ ఒళ్లు చెయ్యరు. చేప పెడుతున్నారు కదూ? దాని కిడ్నీల సంగతి మీ ముందే చెప్పాడాయన.”

“ఉప్పు తగలకూడదన్నాడు. ఉప్పు లేనిదే పెట్టాను.”

కోడలు తలెత్తింది. ఆ ఇంట్లో ఉప్పు లేకుండా వండేది ఒక్కరికే. ముళ్లు తీసి ఆ కంచంలో వేసేది తనే.

“అది మీ బీపీ కోసం వండింది.”

“గడ్డి నమిలినట్టుంటుందే. పారేస్తే నీ మనసు నొచ్చుకుంటుంది. అదైతే ఆవురావురుమని తింటుంది.”

“ఎప్పట్నుంచి?”

“అది నీ డబ్బా తిండి మానేసినప్పట్నుంచి.”

“మరి మీరేం తింటున్నారు?”

“నాకెంత కావాలిలే. ముందు దాని సంగతి చూడు.”

కోడలు పిల్లిని మిషను మీంచి ఎత్తింది. దాన్ని అందుకోవడానికి కుర్చీలో కూర్చున్న అత్తగారు చేతులు పైకి చాపింది. మణికట్టున ఉండాల్సిన గడియారం మోచేతి దాకా జారింది.

కోడలు పిల్లిని ఇవ్వలేదు. కిందికి వదిలేసింది.

“మీరెక్కండి, అత్తయ్యా.”