పెప్పర్ గడి: వెర్నా సొబోట్కా గారి ముప్పైమూడేళ్ళ సేవ

1991వ సంవత్సరం మార్చి నెల నాలుగవ తేదీ, సోమవారం ఉదయం, వాకిళ్ళలో మంచు ఇంకా కరగని వేళ, వెర్నా సొబోట్కా గారు మన రాష్ట్ర ఫార్మసీ మండలిలో తనిఖీ అధికారిణిగా బాధ్యతలు స్వీకరించారు. ఆనాడు కార్యాలయం వారికి అప్పగించినవి ఒక పాత కారు, ఒక టార్చిలైటు, అట్ట ఊడిన చట్టం పుస్తకం. ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న ఈ తరుణంలో, ఆ పుస్తకంలో ఏ పుటలో ఏ నిబంధన ఉన్నదో తెరవకుండా చెప్పగలిగిన వ్యక్తి మన కార్యాలయంలో వారొక్కరే. ఇరవై రెండేళ్ళుగా పక్క బల్ల దగ్గర కూర్చున్న నాకు వారిని చూస్తే నేటికీ ఆశ్చర్యమే. కొంచెం భయం కూడా.

తొలి దశాబ్దంలో వారు తనిఖీ చేయని మందుల దుకాణం లేదు. డాక్టర్లు లేని పశ్చిమ జిల్లాలలో మందుల చీటీ రాసే అధికారం పైచదువు చదివిన నర్సులకు, అంటే నర్సు ప్రాక్టీషనర్లకు, ఇవ్వాలా వద్దా అనే వివాదం 1999లో శాసనసభ సంఘం ముందుకు వచ్చినప్పుడు, వెర్నా గారు గోడకు రాష్ట్ర పటం తగిలించి, డాక్టరున్న ప్రతి ఊరిలో ఒక గుండుసూది గుచ్చారు. పడమటి సగం ఖాళీగా మిగిలింది. "ఇక్కడ జబ్బు చేస్తే ఎవరు చీటీ రాయాలో మీరే చెప్పండి" అని, వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు. ఆ ఏడాదే చట్టం మారింది.

2011లో వారి చేతుల మీదుగా మందుల పర్యవేక్షణ జాబితా రూపుదిద్దుకుంది. మత్తెక్కించే నొప్పి మాత్రలకు అలవాటుపడి మన పిల్లలు వరుసగా చనిపోతున్న రోజులవి. ఎవరికి, ఎవరు, ఏ మందు రాశారో, ఏ దుకాణం ఇచ్చిందో ఆ జాబితాలో నమోదయ్యేది. ఒకే మనిషికి నెలలో ముగ్గురు మత్తు కలిగించే మందులు రాస్తే, వెర్నా గారి సంతకంతో దుకాణానికి హెచ్చరిక ఉత్తరం తనంతట తానే వెళ్ళేది. ఆ ఉత్తరాలు ఎందరినో కాపాడాయనడంలో నాకు సందేహం లేదు.

2013 నవంబరులో ఒక గురువారం ఉదయం వచ్చిన ఫోను మాత్రం వేరే సంగతి చెప్పింది.

"నేను ఆర్లో డానెల్‌ని, లార్క్‌ఫోర్డ్ నుంచి. మీ ఉత్తరం చూసి మా మందుల షాపు గ్లెన్ సోమవారం నుంచి నాకు మాత్రలు ఆపేశాడు. నేను ముగ్గురి దగ్గర మందులు పోగేస్తున్నానంట కదా?"

ఆర్లో గారు పశువుల పెంపకందారు. ఎముకలకు పాకిన క్యాన్సరు. వెర్నా గారు జాబితా తెరిచారు. "క్యాన్సరు డాక్టరు ఒకరు, మీ ఊరి నర్సు ప్రాక్టీషనరు ఒకరు, సరే. ఈ మూర్ఛ మందు ఎవరు రాశారండీ? మీ మాత్రలతో కలిస్తే ఊపిరికే ప్రమాదం."

"అదా? అది పెప్పర్‌ది."

"పెప్పర్ ఎవరు?"

"మా కుక్కమ్మా. దానికి ఫిట్సు. పశువుల డాక్టరు రాస్తాడు."

ఆ జాబితాలో నమోదుకు దుకాణాలు నింపే ఫారంలో జంతువులకు గడి లేదు. అందుకని గ్లెన్ కుక్క మందును యజమాని పేరున, యజమాని పుట్టిన తేదీతో నమోదు చేశాడు. ఆ ఫారం తయారు చేసింది వెర్నా గారే.

"మెయిలు పంపితే సరిపోతుంది కదా?" అన్నాను.

"ఆపింది నా సంతకం, మార్విన్. ఇమ్మని నేనే వెళ్ళి చెప్పాలి. కారు తియ్."

రెండు వందల పది మైళ్ళు. దుకాణంలో గ్లెన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నా లైసెన్సు పోతే నువ్వు తెచ్చిస్తావా వెర్నా? కాగితం మీద రాసియ్." మూడో చీటీ కుక్కదని, మాత్రలు ఇమ్మని వారు అక్కడే నిలబడి రాసిచ్చారు. చదివిన గ్లెన్ మొహం ఎర్రబడింది. తలుపుకు 'మూసి ఉంది' పలక తిప్పి, మాత్రల సీసా తానే పట్టుకుని మాతో బయలుదేరాడు.

ఆర్లో గారు వంటింట్లో, వీపు కుర్చీకి ఆనించలేక, బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు. మాత్ర మింగాక వెర్నా గారు అన్నారు: "తప్పు నాది. ఆ ఫారం చేసింది నేనే."

ఆర్లో గారు తన కాళ్ళ దగ్గరున్న కుక్క వైపు చూశారు. "విన్నావా పెప్పర్? ఇన్నాళ్ళూ నా పేరు వాడుకుని బతికేస్తున్నావన్నమాట." తర్వాత వెర్నా గారితో అన్నారు: "నా సంగతి సరే. ఇంకొకళ్ళకి ఇలా కాకుండా చూస్తావా అమ్మా?"

"చూస్తాను."

నెలాఖరుకు ఆర్లో గారి నుంచి ఒక కవరు వచ్చింది. అందులో వంటింటి క్యాలెండరు నుంచి చింపిన నవంబరు కాగితం, దానిమీద రోజుకొక అంకె.

ఫారం మారాలంటే చట్టం మారాలి. 2014లో మొదటిసారి శాసనసభలో ఒక సభ్యుడు "కుక్కల కోసం చట్టమా? రేపు పిల్లులొస్తాయి" అని నవ్వాడు, బిల్లు పడిపోయింది. ఆ ఏప్రిల్‌లో ఆర్లో గారు కన్నుమూశారు. మరుసటి ఏడాది వెర్నా గారు వాదించలేదు. ఆ కాగితం చదివారు. "సోమవారం, రెండు. మంగళవారం, ఒకటి. బుధవారం, సున్నా. మేము మందు ఆపించిన వారంలో ఒక మనిషి నిద్రపోయిన గంటలివి." ఈసారి ఎవరూ నవ్వలేదు. బిల్లు ఏకగ్రీవంగా నెగ్గింది.

ఆనాటి నుంచి నియంత్రిత ఔషధం ఇచ్చే ప్రతి ఫార్మసిస్టూ, రోగి మనిషా జంతువా అని ముందు ఒక గడి నింపుతాడు. చట్టంలో దానికి పొడవాటి పేరుంది గాని, రాష్ట్రమంతటా దానిని పెప్పర్ గడి అనే అంటారు. తన పొరపాటును తానే బయటపెట్టి, నవ్విన సభ ముందుకే మళ్ళీ వెళ్ళి నిలబడిన మనిషి పక్కన పనిచేశానని తలచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

వెర్నా గారు పటం కట్టించి తన గోడకు తగిలించుకున్న ఆ కాగితం నిన్న నా బల్ల ఎదుటి గోడకు మారింది. తగిలిస్తూ వారిని అడిగాను, సభలో బుధవారంతో ఎందుకు ఆపేశారని. "తర్వాతది ఆయన సొంతం" అన్నారు.

బుధవారం పక్క గడిలో వంకర అక్షరాలతో ఇలా ఉంది: "గురువారం, తొమ్మిది. పెప్పర్ కూడా కదల్లేదు."

వెర్నా గారు ఆరోగ్యంతో, ఆనందంతో చిరకాలం వర్ధిల్లాలని, వారి శేష జీవితంలో ప్రతి రాత్రీ ఆ గురువారం రాత్రిలా గడవాలని మనందరి తరఫున మనసారా కోరుకుంటున్నాను.

మార్విన్ క్లాసెన్
తనిఖీ విభాగం